మంచుకొండలపై మజిలీ గృహములు

ఎత్తైన మంచుకొండ నెక్కువాడు సాధారణముగా ఒక్క పగటిలో శిఖరమును చేరి తిరిగి ఊరు చేరలేడు. త్రోవలో ఎక్కడనో ఒక రాత్రి గడపవలసి యుండును. అందుకొరకై కొండవాలున, రాతిబండలపై కట్టిన చిన్న యిండ్లను ఐరోపా ఖండమునందలి ఆల్ప్స్ పర్వతములలో వందలకొలది చూడవచ్చును. మన దేశమున యాత్రాస్థలములకు పోవు బాటలలో సత్రములు ఎట్టివో, అచట ఇవి అట్టివి. బాటసారికి ఇంత కప్పు, ఇంత వేడి, నడుము వాల్చుటకు ఇంత చోటు, ఇదియే వీని ప్రయోజనమని పైకి తోచును.

కాని విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఈ మజిలీ గృహములకు వేరొక స్థానము కలదు. ఎత్తైన చోటులందలి పలుచని గాలి మానవ శరీరమును ఏమి చేయునో మొట్టమొదట జాగ్రత్తగా గమనించినది ఇచటనే. కొండనెక్కి వెంటనే దిగివచ్చినవారికి తెలియని సంగతులు అక్కడ రాత్రులు గడిపినవారికి తెలిసినవి. ఆ తెలివిడి ఉచితముగా లభింపలేదు. ఒక యువవైద్యుడు అట్టి గుడిసెలోనే ప్రాణము కోల్పోయెను. అతని మరణమునకు నిజమైన కారణము స్పష్టమగుటకును, దానిని నివారించు మార్గము దొరకుటకును దాదాపు నూరేండ్లు పట్టెను.

తెల్లవారకముందే బయలుదేరుట

ఈ గృహములు ఎక్కువగా 2,500 మొదలు 3,500 మీటర్ల ఎత్తున ఉండును. ఊరికిని శిఖరమునకును నడుమ ఈ ఎత్తును ఎన్నుకొనుటకు కారణము కలదు. ఆల్ప్స్ కొండలలో శిఖరమునకు పోవు దారి తరచుగా హిమానీనదముల మీదుగా పోవును. హిమానీనదమనగా లోయలో నెమ్మదిగా క్రిందికి జారు మంచుగడ్డల ప్రవాహము. దానిలో లోతైన పగుళ్లు ఉండును. ఆ పగుళ్లపై కొత్త మంచు పేరుకొని సన్నని వంతెనవలె కప్పియుండును. రాత్రి చలికి ఈ వంతెన గట్టిపడి మనిషి బరువును మోయును. మధ్యాహ్నపు ఎండకు మెత్తబడి కూలిపోవును. అట్లే పైనున్న రాళ్లను రాత్రివేళ మంచు అతికించి పట్టుకొనును, ఎండ తగిలిన పిమ్మట అవి జారి దొర్లిపడును. కావున పర్వతారోహకులు రాత్రి రెండు మూడు గంటల వేళనే లాంతరు పట్టుకొని బయలుదేరి, ఎండ ముదురకముందే ప్రమాదస్థలములను దాటి తిరిగి రావలెను. ఊరినుండి బయలుదేరువానికి ఇది సాధ్యము కాదు. సగము దారిలో నిదురించి లేచినవానికే సాధ్యము.

కనుమలలో సత్రములు

పర్వతములపై బాటసారులకు ఆశ్రయమిచ్చుట కొత్త విషయము కాదు. ఇటలీ, స్విట్జర్లండు దేశముల సరిహద్దునందలి గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ 2,469 మీటర్ల ఎత్తున ఉన్నది. 11వ శతాబ్దమున బెర్నార్డ్ అను మతగురువు అచట ఒక సత్రమును స్థాపించెను. మంచుతుపానులలో దారి తప్పినవారిని అచటి సన్యాసులు వెదకి తెచ్చి కాపాడుచుండిరి. వారు పెంచిన కుక్కలు లోకప్రసిద్ధములు. అయితే అది కనుమను దాటి అవతలి దేశమునకు పోవువారికొరకు కట్టినది. శిఖరములపైకి పోవు పని ఆ కాలమున ఎవరికిని లేదు. కొండమేకలను వేటాడువారు, స్ఫటికములను ఏరుకొనువారు కొంతదూరము పోయి చీకటిపడకముందే దిగివచ్చెడివారు. మంచుపై రాత్రి గడిపినవాడు బ్రదుకడని పల్లెలలో గట్టి నమ్మకము ఉండెను.

ఈ భయమును తొలగించినది ఫ్రాన్సు దేశపు షమోనీ గ్రామమునకు చెందిన జాక్ బాల్మా. 1786 జూన్ మాసమున అతడు మోంట్ బ్లాంక్ పర్వతముపై మంచులో ఒంటరిగా రాత్రి గడిపి ప్రాణములతో తిరిగివచ్చెను. మోంట్ బ్లాంక్ అనగా తెల్లకొండ. దాని ఎత్తు సుమారు 4,807 మీటర్లు. ఆల్ప్స్ పర్వతములన్నిటిలో అదియే ఎత్తైనది. అదే సంవత్సరము ఆగస్టు 8వ తేదీన బాల్మాయు, ఆ గ్రామపు వైద్యుడు మిషెల్ పకారును మొట్టమొదటిసారిగా ఆ శిఖరము నెక్కిరి.

సోస్యూర్ పదునేడు దినముల మకాము

ఈ శిఖరమునకు దారి కనుగొన్నవారికి బహుమానము నిచ్చెదనని 1760లోనే ప్రకటించినవాడు జెనీవా నగరపు శాస్త్రజ్ఞుడు సోస్యూర్. 1785లో అతడు కొండవాలున రాళ్లతో ఒక గుడిసె కట్టించి, అందు రాత్రి గడిపి పైకి పోవుటకు ప్రయత్నించి విఫలుడయ్యెను. 1787 ఆగస్టు 3న శిఖరమును చేరి, అచట నాలుగు గంటలకు పైగా ఉండి భారమితితో వాయుపీడనమును, ఉష్ణమాపకముతో నీరు మరుగు ఉష్ణోగ్రతను కొలిచెను. కొలతలకు తీసికొన్న ప్రతి శ్రమయు అతనిని కుంగదీసెను. శిఖరమునకు దగ్గరలో పదిహేను పదహారు అడుగులు వేయునంతలో నిలిచి ఆయాసము తీర్చుకొనవలసివచ్చెను. షమోనీలో నిమిషమునకు 72 సార్లు కొట్టుకొను అతని నాడి శిఖరముపై 100 సార్లు కొట్టుకొనెను.

నాలుగు గంటలలో చేయగలిగినది స్వల్పమని సోస్యూర్ గ్రహించెను. మరుసటి సంవత్సరము, 1788 జూలైలో, తన కుమారునితో కూడ రాక్షసకనుమ అని అర్థమిచ్చు ఒక కనుమకు పోయి, దాదాపు 3,350 మీటర్ల ఎత్తున చిన్న రాతిగుడిసెలోను గుడారములలోను 17 దినములు మకాము చేసెను. పీడనము, ఉష్ణోగ్రత, గాలిలోని తేమ పగలు రాత్రి ఎట్లు మారునో వరుసగా గమనించి వ్రాసికొనెను. తేమను కొలుచుటకు అతడు తాను కనిపెట్టిన పరికరమునే వాడెను. తేమకు మనిషి వెండ్రుక సాగుననియు, పొడిగాలికి కుంచించుకొనుననియు గల సూత్రముపై అది పనిచేయును. అంత ఎత్తున నిలిచి, దినముల తరబడి కొలతలు తీయుట అదియే ప్రారంభమని చెప్పవచ్చును.

గుడిసెయే కొలబద్ద

కొన్ని సందర్భములలో గుడిసెయే పరికరముగా పనిచేసెను. స్విట్జర్లండు దేశమున ఉంటరార్ అను హిమానీనదముపై 1827లో హూగి అను శాస్త్రజ్ఞుడు ఒక గుడిసె కట్టెను. కొన్ని సంవత్సరముల పిమ్మట చూడగా అది కట్టినచోట లేదు. 1839లో లూయి అగాసీ దానిని కనుగొనునప్పటికి అది మంచుతోపాటు వేయి మీటర్లకు మించి క్రిందికి సాగిపోయి యుండెను. హిమానీనదములు కదలునని పల్లెవారు ఎరుగుదురు. ఏటికి ఎంత కదలునో ఈ గుడిసె చూపెను. 1840లో అగాసీయే అదే హిమానీనదముపై ఒక పెద్ద బండచాటున నివాసమేర్పరచుకొని మిత్రులతో కలిసి మంచు కదలికను కొలిచెను. పూర్వము ఐరోపా ఖండమున అధికభాగమును మంచు కప్పియుండెనను హిమయుగ సిద్ధాంతమును ప్రచారములోనికి తెచ్చినవారిలో ముఖ్యుడు ఇతడే.

అట్టి కొలబద్ద నేడును ఒకటి కలదు. ఆల్ప్స్ పర్వతములలో మిక్కిలి పెద్దదైన అలెచ్ హిమానీనదము ప్రక్కన 1877లో కంకార్డియా గృహమును కట్టిరి. అప్పుడు అది మంచు ఉపరితలమునకు సుమారు 50 మీటర్ల ఎత్తున ఉండెను. భూగోళము వేడెక్కుటచే మంచు కరిగి క్రుంగిపోయినది. ఇప్పుడు మంచునుండి ఆ గృహమునకు చేరుటకు బండకు బిగించిన ఇనుప మెట్లు నాలుగువందలకు పైగా ఎక్కవలెను. గృహము కదలలేదు. మంచే దిగిపోయినది.

సంఘముల గృహములు

1853లో షమోనీ మార్గదర్శకులు మోంట్ బ్లాంక్ దారిలో, హిమానీనదము నడుమ పొడుచుకొనివచ్చిన గ్రాండ్ మ్యూలే అను బండలపై, 3,050 మీటర్ల ఎత్తున చిన్న కొయ్యగృహమును నిర్మించిరి. శిఖరమునకు పోవువారు తప్పక దిగవలసిన మజిలీ అది. పిదప పర్వతారోహణ సంఘములు బయలుదేరినవి. 1857లో లండనులోను, 1862లో ఆస్ట్రియాలోను, 1863లో స్విట్జర్లండు, ఇటలీ దేశములలోను అవి ఏర్పడెను. స్విస్ సంఘము పుట్టిన సంవత్సరముననే టోడి పర్వతముపై గ్రూన్‌హార్న్ గృహమును కట్టెను. నేడు ఆ సంఘమునకు 150కి మించిన గృహములు ఉన్నవి.

ఈ గృహములలోని పద్ధతులు నాటినుండి నేటివరకు ఎక్కువగా మారలేదు. బూట్లను వాకిటనే విడిచి లోపలికి పోవలెను. బల్లలపై పరుపులు వరుసగా పరచియుండును. పరిచయమున్నను లేకున్నను ప్రక్కప్రక్కన పండుకొనవలెను. మంచును కరిగించి నీరు కాచుకొనవలెను. కాపలాదారుడు లేని చలికాలమునను ఒక గదిని తాళము వేయక విడుచుదురు. ఆపదలో వచ్చినవానికి తలుపు మూసియుండరాదన్నది దీని ఉద్దేశము. ప్రతివాడును అక్కడి పుస్తకములో తన పేరును, తాను పోవు దారిని వ్రాయవలెను. అతడు తిరిగిరానిచో ఎక్కడ వెదకవలెనో ఆ ఒక్క పంక్తి తెలుపును.

గుంటూరునుండి మోంట్ బ్లాంక్‌కు

తెలుగు పాఠకులకు కొంత పరిచయమైన ఒక పేరు ఈ చరిత్రలో ఇచట వచ్చును. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకు ఫ్రాన్సునుండి గుంటూరునకు వచ్చిన జాన్‌సెన్, సూర్యబింబపు అంచున లేచు జ్వాలలను వర్ణపటదర్శినితో చూచెను. మరునాడు గ్రహణము లేకయే వానిని చూడగలిగెను. సూర్యుని పరిశోధనలో అది గొప్ప మలుపు.

ఆ జాన్‌సెన్ ముందు ఇరువది సంవత్సరములకు వేరొక ప్రశ్న నిలిచెను. సూర్యకాంతి వర్ణపటములో ఆమ్లజని వాయువునకు చెందిన నల్లని చారలు కానవచ్చును. ఆ ఆమ్లజని, అనగా ఆక్సిజన్, సూర్యునిలో నున్నదా, లేక సూర్యకాంతి మన గాలిలోనుండి వచ్చుటచే ఆ చారలు ఏర్పడుచున్నవా? పైకి పోయినకొలది మన తలపైనున్న గాలి తగ్గును. చారలును అదే లెక్కన బలహీనపడినచో అవి భూమి గాలివే యని తేలును. జాన్‌సెన్‌కు చిన్ననాటినుండి కాలు కుంటి. అయినను 1888లో నిచ్చెనవంటి వాహనముపై మోయించుకొని గ్రాండ్ మ్యూలే గృహమునకు పోయి వర్ణపటమును పరిశీలించెను. చారలు బలహీనపడినవి.

ఇంకను పైకి పోవలెనన్న అతనికి ఆశ్రయమిచ్చినది జోసెఫ్ వాలో. ఇతడు 1887లో మోంట్ బ్లాంక్ శిఖరముపైననే గుడారములో మూడు దినములు గడిపి, అంత ఎత్తున మనుష్యుడు ఉండగలడని నిరూపించెను. 1890లో సుమారు 4,350 మీటర్ల ఎత్తున, శిఖరమునకు కొంచెము దిగువనున్న బండలపై ఒక పరిశోధనాగృహమును కట్టించెను. దాని కొయ్యలు, పలకలు, పరికరములు అన్నియు కూలీల వీపులమీదనే పైకి చేరెను. 66 ఏండ్ల జాన్‌సెన్ ఆ సంవత్సరమే అచటికి చేరి, తుపానులో చిక్కుకొని కొన్ని దినములు ఆ గృహముననే ఉండి, పిదప శిఖరమును చేరెను. ఆ చారలు భూమి గాలిలోని ఆమ్లజనివే యని అతడు నిశ్చయించుకొనెను.

జాకోటే మరణము

శిఖరముపైననే ఒక వేధశాల నుండవలెనని జాన్‌సెన్ సంకల్పించెను. దానికి గట్టి పునాది కావలెను. మంచు క్రింద బండ ఎంత లోతున నున్నదో తెలిసికొనుటకు 1891లో, పారిస్ ఇనుప గోపురమును నిర్మించిన ఐఫెల్ తన ఖర్చుతో ఇంఫెల్డ్ అను స్విస్ ఇంజనీరును పంపెను. పనివారు వాలో గృహమున బసచేసి, శిఖరమునకు పోయి మంచులో సొరంగము త్రవ్వుచుండిరి. బండ తగులలేదు.

షమోనీలో నున్న జాకోటే అను యువవైద్యుడు వారితో కలిసెను. అతడు దృఢకాయుడు, కొండలకు అలవాటుపడినవాడు. వాలో గృహమున కొన్ని దినములు గడపగా అతనికి తలనొప్పి, వాంతులు, ఊపిరాడకుండుట ప్రారంభమయ్యెను. క్రిందికి దిగిపొమ్మని తోడివారు చెప్పిరి. అతడు అంగీకరింపలేదు. ఎత్తునకు శరీరము ఎట్లు అలవాటుపడునో తనయందే గమనింపవలెనని అతని కోరిక. 1891 సెప్టెంబరు 2న అతడు ఆ గుడిసెలోనే చనిపోయెను. శవమును క్రిందికి తెచ్చి పరీక్షింపగా ఊపిరితిత్తులు ద్రవముతో నిండియుండెను. వైద్యులు ఊపిరితిత్తుల వాపును ముఖ్యకారణముగా భావించిరి. ఎత్తే అతనిని చంపినదని ఆనాడు ఎవరును నిశ్చయముగా చెప్పలేకపోయిరి.

జాన్‌సెన్ వేధశాలను 1893లో శిఖరపు మంచుపైననే నిలిపిరి. అది క్రమముగా మంచులో క్రుంగి ఒరిగిపోయెను. 1909లో దానిని విడిచిపెట్టిరి.

ఆమ్లజనియా, బొగ్గుపులుసు వాయువా?

కొండజబ్బునకు కారణమేమి అను ప్రశ్నకు ఒక సమాధానము అప్పటికే వెలువడియుండెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ట్ గాలిని తీసివేయగల ఇనుప గదిలో తానే కూర్చుండి ప్రయోగములు చేసెను. పీడనము తగ్గినప్పుడు కలుగు తలతిరుగుడు, వికారము ఆమ్లజని పీల్చగానే తొలగిపోవుట గమనించెను. 1878లో ప్రకటించిన గ్రంథములో, ఎత్తున కలుగు బాధకు కారణము ఆమ్లజని పీడనము తగ్గుటయే యని తెలిపెను.

విద్యార్థులు దీనిని సులభముగా లెక్కింపవచ్చును. గాలిలో ఆమ్లజని పాలు ఎక్కడనైనను నూటికి సుమారు 21. సముద్రమట్టమున వాయుపీడనము 760 మిల్లీమీటర్ల పాదరసము. అందు ఆమ్లజని వంతు సుమారు 160. 4,550 మీటర్ల ఎత్తున వాయుపీడనము సుమారు 435 మిల్లీమీటర్లు. అందు ఆమ్లజని వంతు సుమారు 91 మాత్రమే. పాలు తగ్గలేదు, తోపుడు తగ్గినది. ఊపిరితిత్తులలోనుండి నెత్తురులోనికి ఆమ్లజనిని పంపునది ఆ తోపుడే. అంత ఎత్తున నీరు సుమారు 85 డిగ్రీల సెంటిగ్రేడునకే మరుగును. అందుచే మామూలు గిన్నెలో పప్పు ఉడుకుట కష్టము. ఇదియు పీడనము తగ్గుటచేతనే.

ఇనుప గదిలో గంటలసేపు కూర్చుండుట వేరు, కొండపై దినములు గడపుట వేరు. ఈ రెండవ పనికి తగిన స్థలము 1893లో ఏర్పడెను. ఇటలీ పర్వతారోహణ సంఘము మోంటే రోసా పర్వతముపై, 4,554 మీటర్ల శిఖరముననే, ఒక కొయ్యగృహమును నిలిపెను. దానిని లోయలో కట్టి, విడదీసి, కంచరగాడిదలపైనను మనుష్యుల వీపులపైనను మోయించి, పైన తిరిగి కూర్చిరి. రాణి మార్గరీటా స్వయముగా ఎక్కివచ్చి అందొక రాత్రి గడిపెను. ఆమె పేరే దానికి పెట్టిరి. 1980లో పాతదానికి బదులు కొత్త గృహమును నిర్మించిరి. దానికి రాగిరేకుల తొడుగు కలదు. పిడుగు పడినచో విద్యుత్తు ఆ తొడుగుమీదుగానే ప్రవహించును, లోపలివారికి అపాయము ఉండదు. లోహపు పంజరములోపల విద్యుత్క్షేత్రము ఉండదని ఫారడే చూపిన సూత్రమే ఇది.

1894లో టురిన్ విశ్వవిద్యాలయమునందలి శరీరధర్మశాస్త్రజ్ఞుడు ఆంజెలో మోసో కొందరు సైనికులను, పరికరములను వెంటబెట్టుకొని ఈ గృహమునకు వచ్చెను. నాడి, ఊపిరి, కండరముల బలము ఎట్లు మారునో కొలిచెను. నిద్రించువారి ఊపిరిని గీతలుగా నమోదు చేయగా ఒక వింత బయటపడెను. ఊపిరి క్రమముగా బలపడి, క్రమముగా తగ్గి, కొంతసేపు పూర్తిగా ఆగి, మరల మొదలగుచుండెను. కొండనెక్కి ఆ దినమే దిగిపోవువాడు దీనిని ఎన్నడును చూడజాలడు. జాకోటే మరణవృత్తాంతమును గ్రంథస్థము చేసినవాడును మోసోయే. అయితే కొండజబ్బునకు అతడు వేరొక కారణము చెప్పెను. ఎత్తున వేగముగా ఊపిరి తీయుటచే నెత్తురులోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడు) తగ్గిపోవుననియు, ఆ కొరతయే జబ్బునకు మూలమనియు అతని వాదము.

తరువాతి పరిశోధనలు పాల్ బెర్ట్ పక్షమునే బలపరచెను. కాని మోసో చూచినది అసత్యము కాదు. ఎత్తునకు పోయినప్పుడు ఆమ్లజని కొరతచే ఊపిరి వేగమగును. వేగమగుటచే బొగ్గుపులుసు వాయువు అధికముగా బయటికి పోవును. నెత్తురు క్షారగుణమును పొందును. క్షారగుణము ఊపిరికి కళ్లెము వేయును. ఒకవైపు ఆమ్లజని కొరత ఊపిరిని తరుముచుండగా, మరియొకవైపు ఈ కళ్లెము దానిని ఆపుచుండును. నిద్రలో ఊపిరి ఆగి ఆగి సాగుటకు ఈ పెనుగులాటయే కారణము. కొన్ని దినములలో మూత్రపిండములు అధిక క్షారమును బయటికి పంపును. అప్పుడు కళ్లెము సడలును. వారముల తరబడి ఉన్నచో నెత్తురులోని ఎర్రకణముల సంఖ్యయు పెరుగును. ఎత్తునకు అలవాటుపడుట యనగా ఇదియే. దీనికి ధైర్యముతో గాని కండబలముతో గాని సంబంధము లేదు. కావలసినది కాలము.

నూరేండ్ల తరువాత సమాధానము

జాకోటేను చంపిన ద్రవము సంగతి ఇంకను మిగిలియుండెను. పెరూ దేశపు వైద్యులు ఎత్తైన ఊళ్లలో ఇట్టి రోగులను ముందే గుర్తించియుండిరి. 1960లో అమెరికా వైద్యుడు చార్లెస్ హూస్టన్ ప్రకటించిన వ్యాసముతో ఇది అన్ని దేశముల వైద్యుల దృష్టికి వచ్చెను. ఇది సూక్ష్మజీవులచే వచ్చు వాపు కాదు. ఆమ్లజని తగ్గినప్పుడు ఊపిరితిత్తుల రక్తనాళములు కుంచించుకొనును. కొందరిలో ఇది మితిమీరి, అచటి రక్తపీడనము హెచ్చి, నెత్తురులోని ద్రవము గాలి తిత్తులలోనికి ఊరును. మనిషి పొడినేలపైననే మునిగిపోయినట్లగును.

భారతదేశమునకును ఇది అక్కరకు వచ్చిన విషయమే. 1962లో మైదానములనుండి వేలాది సైనికులు అలవాటుపడు వ్యవధి లేకయే హిమాలయములపైకి పోవలసివచ్చెను. ఇందర్ సింగ్ మున్నగు సైనిక వైద్యులు 1,925 మంది సైనికులలో కనిపించిన కొండజబ్బును పరిశీలించి 1969లో ప్రకటించిన వ్యాసము నేటికిని ఈ విషయమున ముఖ్యమైనదిగా గణింపబడుచున్నది.

మజిలీ గృహములు మరల పరిశోధనకు తోడ్పడెను. 1990లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో ఆల్ప్స్ పర్వతములందు నాలుగు గృహములలో బసచేసిన 466 మందిని వైద్యులు పరీక్షించిరి. 2,850 మీటర్ల ఎత్తున నూటికి 9 మందికి, 3,050 మీటర్ల ఎత్తున 13 మందికి, 3,650 మీటర్ల ఎత్తున 34 మందికి కొండజబ్బు ఉండెను. అన్నిటికంటె పైనున్న మార్గరీటా గృహమున నూటికి 53 మందికి ఉండెను. ఇంతకంటె స్పష్టమైన నిచ్చెన ఉండబోదు.

1991లో మార్గరీటా గృహముననే మరియొక ప్రయోగఫలితము వెలువడెను. పూర్వము ఊపిరితిత్తులలో ద్రవము చేరి బాధపడిన 21 మందిని వేగముగా పైకి తీసికొనిపోయిరి. 10 మందికి రక్తనాళములను సడలించు నిఫెడిపిన్ అను మందును, 11 మందికి మందులేని మాత్రలను ఇచ్చిరి. మందులేని మాత్రలు తీసికొన్నవారిలో 7గురికి మరల ద్రవము చేరెను. మందు తీసికొన్నవారిలో ఒక్కరికే చేరెను. జాకోటే మరణించి అప్పటికి సరిగా నూరేండ్లు.

యాత్రికులకు పాఠము

ఈ విషయము పర్వతారోహకులకు మాత్రమే అవసరమైనది కాదు. తెలుగు జిల్లాలనుండి ఏటేట యాత్రికులు కేదారనాథమునకు, అమరనాథమునకు పోవుచున్నారు. మొదటిది దాదాపు 3,580 మీటర్ల ఎత్తున, రెండవది దాదాపు 3,890 మీటర్ల ఎత్తున ఉన్నవి. కృష్ణా, గోదావరి తీరముల ప్రజలు సముద్రమట్టమునకు కొద్దిపాటి ఎత్తున నివసించువారు. పూర్వము కాలినడకన పోవువారికి దారిలోని మజిలీలే శరీరమునకు అలవాటుపడు వ్యవధి నిచ్చెడివి. రైలు, మోటారు, హెలికాప్టరు ఆ మజిలీలను తగ్గించివేసినవి. శరీరధర్మము మాత్రము మారలేదు.

వైద్యులు చెప్పు నియమములు క్లిష్టమైనవి కావు. 3,000 మీటర్లు దాటిన పిమ్మట, ఒక రాత్రి నిద్రించు చోటునకంటె మరునాటి రాత్రి నిద్రించు చోటు 500 మీటర్లకు మించి ఎత్తున ఉండరాదు. మూడు నాలుగు దినములకొక దినము ఎక్కుట మాని ఆగవలెను. పగలు ఎంత పైకి పోయినను రాత్రి క్రిందికి దిగి నిద్రించుట మేలు. తలనొప్పి, వికారము కలిగినచో ఇంకను పైకి పోరాదు. విశ్రాంతిగా నున్నప్పుడును ఊపిరాడనిచో, నడక తడబడినచో, రాత్రియైనను ఆలసింపక క్రిందికి దింపవలెను. కొన్నివందల మీటర్లు దిగుటయే పెక్కుసార్లు ప్రాణము కాపాడును.

జాకోటేకు తోడివారు చెప్పినదియు ఇదియే. వారికి శాస్త్రము తెలియదు, కొండ తెలియును. అతడు తెలిసికొనగోరినది మంచి ప్రశ్నయే. దానికి సమాధానము దొరకుటకు ఇనుప గదులు, వర్ణపటములు, ఊపిరి గీతలు, సైనికుల బాధలు, అనేకుల నిద్రలేని రాత్రులు కావలసివచ్చెను. నేడు మార్గరీటా గృహమున తలనొప్పితో లేచిన పర్వతారోహకుడు శిఖరపు ఆశ విడిచి దిగిపోవుటను ఎవరును పిరికితనమనరు. కేదారనాథపు బాటలో ఊపిరాడని తల్లిని మరునాటి దర్శనమునకై ఆపక వెంటనే క్రిందికి తీసికొనిపోవు కుమారుడును ఆ తెలివిడినే ఉపయోగించుకొనుచున్నాడు.